‘ది డివోర్సీ’ (1930) ముగింపును సెన్సారు మార్చిందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. 1930 నాటి హాలీవుడ్ సినిమా ‘ది డివోర్సీ’ చూశారు. భర్త తప్పు చేస్తే తానూ అదే పని చేసి, ఆ మాట అతని మొహం మీదే చెప్పిన నాయిక చివరికి మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళడం మీకు మింగుడుపడలేదు. సెన్సారువాళ్ళు బలవంతంగా మార్పించారా, లేక ఆ కాలమే అంతా అని అడిగారు. నాయికగా వేసిన నార్మా షేరర్ నటన కొంచెం ఎక్కువైనట్టు అనిపించిందనీ, దానికి ఆస్కార్ ఎలా వచ్చిందనీ కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఆ ముగింపు సెన్సారు కత్తెర వల్ల వచ్చింది కాదు. స్టూడియో కోరుకుని రాయించుకున్న ముగింపు అది. మీకు కలిగిన చిరాకు మాత్రం న్యాయమైనదే. కాకపోతే ఆమె తిరిగి వెళ్ళడం నాకు పెద్ద సమస్యగా అనిపించదు. ఆమె ఏ కారణంతో వెళ్ళిందని సినిమా చెబుతోందో, అక్కడే తేడా కొట్టింది.

ఫిల్మ్ క్లబ్బుల్లో పాత సినిమాలు వేసి, తర్వాత చర్చ నడపడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటైన పని. ఈ సినిమాను కాలేజీ పిల్లలకు వేశాను, రిటైరైనవాళ్ళు ఎక్కువగా వచ్చే చోటా వేశాను. లైట్లు వేయగానే ఎవరో ఒకరు మీరడిగిందే అడుగుతారు. పక్కనుంచి ఇంకొకరు “అప్పట్లో సెన్సారు అలా ఉండేది లెండి” అని సమాధానం కూడా చెప్పేస్తారు. ఆ సమాధానం వినడానికి బాగుంటుంది గానీ తేదీలు ఒప్పుకోవు.

సినిమాల్లో ఏం చూపించకూడదో చెప్పే ‘ప్రొడక్షన్ కోడ్’ అనే నియమావళిని హాలీవుడ్ నిర్మాతల సంఘం ఆమోదించింది 1930 మార్చి 31న. హేస్ కోడ్ అని అందరూ అనేది దీన్నే. ‘ది డివోర్సీ’ విడుదలైంది ఆ వెంటనే, ఏప్రిల్లో. అంటే కోడ్ సంతకాలయ్యేసరికి ఈ సినిమా తయారైపోయి ఉంది. పైగా ఆ కోడ్ కాగితం మీద ఉన్నంత కఠినంగా ఆచరణలోకి రావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. 1934 జులై నుంచి కోడ్ అమలు చూసే జోసెఫ్ బ్రీన్ ఆఫీసు సర్టిఫికెట్ లేకపోతే పెద్ద స్టూడియోల సినిమా హాలుకు వెళ్ళే దారి మూసుకుపోయింది. ఈ నాలుగేళ్ళలో వచ్చిన సినిమాల్నే ఇప్పుడు ‘ప్రీ-కోడ్’ అంటున్నారు. నిజానికి కోడ్ అప్పటికే ఉంది, దాన్ని ఎవరూ అంతగా లెక్కచేయలేదంతే. అందుకని ఆ పేరు నాకు పెద్దగా నచ్చదు.

అంతకుముందు భయం లేదని కాదు. 1927 నుంచీ ‘చేయకూడనివి, జాగ్రత్త పడాల్సినవి’ అంటూ ఒక జాబితా ఉండేది. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఒహాయో లాంటి రాష్ట్రాలకు సొంత సెన్సారు బోర్డులుండేవి. ఒక్కో చోట ఒక్కో ముక్క కోసేసేవారు. సినిమా అంటే వ్యాపారమే, దానికి వాక్ స్వాతంత్ర్యం వర్తించదని 1915లో అమెరికా సుప్రీంకోర్టే అంది. ఆ మాటను 1952 దాకా వెనక్కి తీసుకోలేదు. కాబట్టి నిర్మాతలు ముందే జాగ్రత్తపడేవారు. కానీ జాగ్రత్తపడటం వేరు, ఎవరో చెయ్యి పట్టుకుని ముగింపు మార్పించడం వేరు.

ఇంకో గట్టి ఆధారం మూలకథ. ఈ సినిమాకు ఆధారం ఉర్సులా పారట్ రాసిన ‘ఎక్స్-వైఫ్’ నవల. 1929లో మొదట రచయిత్రి పేరు లేకుండానే అచ్చయి గగ్గోలు పుట్టించింది. అందులో నాయిక మాజీ భర్త దగ్గరికి తిరిగి వెళ్ళదు. విడాకుల తర్వాత న్యూయార్క్‌లో ఉద్యోగం, స్నేహాలు, పార్టీలు, ఒంటరితనం అన్నీ చూసి, చివరికి వేరే మనిషిని పెళ్ళి చేసుకుని సాగిపోతుంది. ఆ పెళ్ళీ గొప్ప ప్రేమతో జరిగిందేమీ కాదు, కాస్త అలిసిపోయిన మనిషి తీసుకున్న నిర్ణయంలా ఉంటుంది. ఈ సినిమా తీసిన స్టూడియో ఎమ్‌జీఎమ్ ఈ కథ కొని పేరు మార్చింది, పాత్రల పేర్లు మార్చింది, ముగింపు కూడా మార్చింది. ఒక స్టార్ హీరోయిన్ మీద డబ్బు పెట్టిన స్టూడియో, హాల్లోంచి జనం బయటికి వచ్చేటప్పుడు ఎలాంటి మొహాలతో రావాలో ముందే లెక్క వేసుకుంటుంది. ఈ సినిమాలో పనిచేసింది ఆ లెక్కే.

ఇక అసలు విషయం. పేరులో విడాకులున్నా ఈ సినిమా సంగతి విడాకులు కాదు, భార్యకో కొలత, భర్తకో కొలత పెట్టడం. అది అర్థమవ్వాలంటే మధ్యలో ఉన్న ఆ రెండు సన్నివేశాలు మళ్ళీ పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది మూడో పెళ్ళిరోజు. జెర్రీ (నార్మా షేరర్) ఇంట్లో విందు పెట్టుకుంది. భర్త టెడ్ (చెస్టర్ మోరిస్) వేరొకామెతో సంబంధం పెట్టుకున్నాడని ఆరోజే తెలుస్తుంది. టెడ్ పెద్దగా కంగారు పడడు. దానికి అర్థమేమీ లేదు, పట్టించుకోకు అంటాడు. అనేసి పనిమీద షికాగో వెళ్ళిపోతాడు. భర్త స్నేహితుడు డాన్ (రాబర్ట్ మాంట్‌గొమరీ) పక్కనే ఉన్నాడు. ఆ రాత్రి ఏమైందో సినిమా చూపించదు, మనకు తెలిసిపోతుంది.

రెండోది టెడ్ తిరిగొచ్చాక. మన లెక్క సరిచేశాను అని జెర్రీ చెప్పేస్తుంది. అదే మనిషి, తన విషయంలో ‘అర్థమేమీ లేదు’ అన్నవాడు, ఇప్పుడు ఊగిపోతాడు. ఎవడు, ఎవడు అని ఒకటే గొడవ. ఆమె పేరు చెప్పదు. నాకు ఆ సన్నివేశంలో అన్నిటికంటే నచ్చేది ఈ చెప్పకపోవడమే. పేరు చెబితే గొడవ ఇద్దరు మగవాళ్ళ మధ్యకు పోతుంది. టెడ్ వెళ్ళి డాన్‌ను కొడతాడు, పౌరుషం చల్లారుతుంది, భార్య అడిగిన ప్రశ్న గాలికి పోతుంది. చెప్పకపోవడం వల్ల ఆ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది: నువ్వు చేస్తే ఏమీ కానిది, నేను చేస్తే ఇంత ఎలా అయింది? టెడ్ దగ్గర జవాబు లేదు. జవాబు లేని మనిషి పెట్టె సర్దుకుంటాడు. ఇకనుంచి లోకంలో నా తలుపు తెరుచుకోనిది నీ ఒక్కడికే అని ఆమె అనే మాట ఈ గొడవలోంచే వస్తుంది.

ఒక క్లబ్బులో ఈ సీను అయ్యాక ముందు వరసలో కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ తర్వాత చర్చలో, “ఆమె గెలిచిందని చప్పట్లు కొట్టారు కానీ ఆ పిల్ల మొహం చూశారా, గెలిచినదానిలా ఉందా?” అన్నారు. ఆ మాట తర్వాత నేను ఆ సీను చూసే పద్ధతే మారింది. జెర్రీ ప్రతీకారం కోసం డాన్‌తో వెళ్ళలేదు. ‘అర్థమేమీ లేదు’ అన్న మాట నిజమేమో చూద్దామని వెళ్ళింది. నిజం కాదని ఆమెకు తెలిసింది. తెలియాల్సింది టెడ్‌కు.

అలాంటప్పుడు కథ న్యాయంగా నడవాలంటే మిగతా సగంలో ఆ సంగతి టెడ్‌కు తెలిసిరావాలి. సినిమా కుంటుపడింది ఇక్కడే. టెడ్ తాగుతాడు, ఉద్యోగం పాడుచేసుకుంటాడు, పారిస్ చేరతాడు. పడిపోవడం చూపించారు గానీ అర్థం చేసుకోవడం చూపించలేదు. ఆలోచించే పనంతా జెర్రీ నెత్తిన పెట్టారు.

అదెలా జరిగిందంటే, సినిమా మొదట్లో కారు ప్రమాదం గుర్తుందిగా? జెర్రీ టెడ్‌ను ఎంచుకుందన్న కోపంలో పాల్ (కాన్రాడ్ నేగెల్) తాగి కారు నడిపి, డొరొతీ అనే అమ్మాయి మొహం పాడవడానికి కారణమవుతాడు. జాలితో, అపరాధభావంతో ఆమెనే పెళ్ళి చేసుకుంటాడు. విడాకుల తర్వాత జెర్రీకీ పాల్‌కీ మళ్ళీ పరిచయం పెరిగి, అతను భార్యను వదిలి ఈమెతో బతుకుదామనుకుంటాడు. అప్పుడు ముసుగేసుకున్న డొరొతీ వస్తుంది. తన పెళ్ళి కోసం ఆమె పడుతున్న తపన చూసి, తాను తన పెళ్ళిని ఎంత తేలిగ్గా వదిలేసుకుందో కదా అని జెర్రీకి అనిపిస్తుంది. పాల్‌ను వద్దనుకుని టెడ్‌ను వెతుక్కుంటూ పారిస్ వెళుతుంది. కొత్త సంవత్సరం వేళకు ఇద్దరూ కలుస్తారు.

చూశారా మెలిక? మొదటి సగంలో అడిగిన ప్రశ్న ‘ఇద్దరికీ ఒకే కొలత ఎందుకు లేదు’ అని. రెండో సగం ఇచ్చిన జవాబు ‘నువ్వు ఇంకాస్త ఓర్చుకోవాల్సింది’ అని. ప్రశ్న ఒకటి, జవాబు వేరొకటి. మీకు ఎక్కడో ఏదో గుచ్చుకుందన్నారే, ఇదే అయ్యుంటుంది. రాజీ పడటంలో తప్పు లేదు. ఇద్దరూ కూర్చుని ఒక్క పావుగంట నిజంగా మాట్లాడుకుని కలిసుంటే ఈ సినిమా ఇంకో మెట్టు పైన ఉండేది. మొత్తం నిడివే దాదాపు గంటన్నర లోపు, ఆ పావుగంటకు చోటు లేక కాదు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు దీన్ని ‘అమెరికా వాళ్ళకేం, ఇష్టమొస్తే విడిపోతారు’ అన్నట్టు చూస్తారు. 1930లో న్యూయార్క్ రాష్ట్రంలో విడాకులకు ఉన్న కారణం ఒక్కటే, వ్యభిచారం. 1966లో చట్టం మారేదాకా అంతే. పడటం లేదు, కొడుతున్నాడు, వదిలేసి పోయాడు అంటే కోర్టు విడాకులు ఇచ్చేది కాదు. డబ్బున్నవాళ్ళు నెవాడాలోని రీనోకు వెళ్ళి, కొన్నాళ్ళు మకాం పెట్టి అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకునేవారు. ఆ మకాం గడువును నెవాడా 1927లో మూడు నెలలకు, 1931లో ఆరు వారాలకు తగ్గించింది, ఆ రాష్ట్రానికి అదొక ఆదాయం. కానీ ఒక మాట: న్యూయార్క్ చట్టం ఎంత మొండిదైనా ఆలుమగలకు ఒకే కొలత పెట్టింది. ఎవరు చేసినా వ్యభిచారం వ్యభిచారమే. టెడ్ ఒప్పుకోలేనిది చట్టం ఎప్పుడో ఒప్పుకుంది.

మన దగ్గర ఆ సమయానికి పరిస్థితి చూడండి. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం, భార్య తప్పు చేస్తే భర్తకు అదొక్కటే చాలు. భర్త తప్పు చేస్తే మాత్రం భార్యకు అది చాలదు. దానికి తోడు క్రూరత్వమో, వదిలిపోవడమో ఇంకేదో చూపించాలి. ఈ తేడా పోయింది 2001 సవరణతో. హిందువుల్లో కులాచారంగా విడాకులున్న వర్గాలను పక్కన పెడితే మిగతావాళ్ళకు చట్టమే లేదు. బరోడా సంస్థానం 1931లో తెచ్చింది, మద్రాసు రాష్ట్రంలో 1949లో వచ్చింది, దేశమంతటికీ 1955లో హిందూ వివాహ చట్టం. ఒక చర్చకు వచ్చిన లాయరుగారు ఇవన్నీ వరసగా చెబుతుంటే, అప్పటిదాకా సినిమాను ‘పాత చింతకాయ పచ్చడి’ అని నవ్విన కుర్రాళ్ళు నోరు మూసుకుని విన్నారు.

తెలుగులో మాటల సినిమా వచ్చిన కొత్తలో ఇలాంటి కాపురం కథ కావాలంటే హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’ (1938) ఉంది. డాక్టరైన భర్త నాట్యకత్తె మోజులో, తాగుడులో పడతాడు, భార్యగా కన్నాంబ పడే కష్టం అంతా ఇంతా కాదు. అక్కడ భార్య లెక్క సరిచేయడం అన్న ఊహకే చోటు లేదు. రెండు సినిమాలనూ తూకం వేయమని కాదు, జెర్రీ చేసిన పని ఎంత దూరం వెళ్ళిందో అర్థం కావడానికి చెబుతున్నాను.

ఇక నటన. మీరన్నది కొంత నిజమే. నవ్వు కాస్త పొడుగ్గా ఉంటుంది, తల వెనక్కి విసరడం, నడుం మీద చెయ్యి పెట్టుకోవడం ఇవన్నీ మూకీ సినిమాల అలవాట్లు. షేరర్ మూకీల్లోనే పేరు తెచ్చుకున్న నటి, మాటల సినిమాకు వచ్చి ఏడాది దాటిందంతే. కానీ మాటల మధ్య ఉన్న బిగుసుకుపోయిన తీరుకు కారణం ఆమె కాదు, యంత్రం. తొలిరోజుల్లో కెమెరా చప్పుడు మైకులో పడకుండా కెమెరానూ, కెమెరామేన్‌నూ కలిపి ఒక గదిలో పెట్టి మూసేసేవారు. 1930 నాటికి కెమెరాకు చప్పుడు ఆపే తొడుగులు వస్తున్నాయి, అయినా మైకు ఎక్కడుందో అక్కడే మనుషులు గుమిగూడాలి. సోఫా చుట్టూ అందరూ అంత దగ్గరగా ఎందుకు నిలబడ్డారు, మాట్లాడేముందు ఎందుకు ఆగుతున్నారు అనిపిస్తే, పూలకుండీ వెనకో, తల మీదో మైకు ఉందనుకోండి. మాటల కింద సంగీతం వినిపించకపోవడానికీ ఇలాంటిదే కారణం. విడివిడిగా రికార్డు చేసి కలపడం అప్పటికింకా కష్టమైన పని. అందుకే సంగీతం పార్టీ సీనుల్లో తప్ప దాదాపు ఉండదు. భార్యాభర్తల గొడవ సీనులో ఆ నిశ్శబ్దం మాత్రం సినిమాకు కలిసొచ్చింది. వెనక వయొలిన్లు ఏడవకపోవడం వల్ల టెడ్ గొంతు పెరగడం నేరుగా తగులుతుంది. ఈ సినిమాను ఫోన్ స్పీకరులో చూసి ఉంటే ఆ ఒక్క సీనైనా హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ వినండి.

ఎమ్‌జీఎమ్‌లో సౌండ్ విభాగానికి పెద్ద, డగ్లస్ షేరర్. అవును, నార్మాకు అన్నయ్య. మాటల సినిమా తీయడమెలాగో స్టూడియోకు నేర్పినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. సౌండ్ రికార్డింగుకు ఆస్కార్ మొదటిసారి ఇచ్చింది ఆ ఏడాదే, ‘ది బిగ్ హౌస్’ సినిమాకు ఆయన విభాగానికే వచ్చింది. అన్నాచెల్లెళ్ళకు ఒకే రాత్రి, 1930 నవంబరు 5న. ఆ సభకు వ్యాఖ్యాత ఎవరో తెలుసా? ఈ సినిమాలో పాల్‌గా వేసిన కాన్రాడ్ నేగెలే.

అంతా ఇంట్లో వ్యవహారమే అంటారని నాకు తెలుసు. నార్మా భర్త ఇర్వింగ్ థాల్బర్గ్, ఎమ్‌జీఎమ్‌లో నిర్మాణమంతా చూసేవాడు. ఆస్కార్ అందుకే వచ్చిందని చాలామంది తేల్చేస్తారు. కానీ ఈ పాత్ర విషయంలో జరిగింది తిరగబడిన కథ. ఇలాంటి ఆకర్షణ ఉన్న పాత్రకు నువ్వు సరిపోవు అని అనుకున్నది భర్తే. అప్పటిదాకా ఆమెవి మర్యాదస్తురాలి పాత్రలు. ఆమె జార్జ్ హరెల్ అనే కుర్ర ఫొటోగ్రాఫరు దగ్గరికి వెళ్ళి, జుట్టు వదిలేసి, పట్టు గౌనులో కొత్త రకం ఫొటోలు తీయించుకుని వచ్చి భర్త ముందు పెట్టింది. పాత్ర వచ్చింది. హరెల్‌కు ఆ ఫొటోలతో ఎమ్‌జీఎమ్‌లో ఉద్యోగమూ వచ్చింది. ఇంట్లో భర్తకు తన సంగతి తెలియదని రుజువు చేసి మరీ ఈ పాత్ర చేసింది కాబట్టి, గొడవ సీనులో ఆ పొగరు ఉత్త నటన కాదేమో అని నేను సరదాగా అంటుంటాను.

ఆ ఏడాది ఉత్తమ చిత్రం పోటీలో కూడా ‘ది డివోర్సీ’ ఉంది, దర్శకుడు రాబర్ట్ జెడ్. లెనర్డ్ కూడా నామినేషన్ తెచ్చుకున్నాడు. రెండూ ‘ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’కే పోయాయి, పోవాల్సిందే.

చివరిగా, ‘కోడ్ ఉంటే జంటను కలపక తప్పదు’ అనే వాదనకు నేనిచ్చే జవాబు ఒక సినిమా. విలియం వైలర్ తీసిన ‘డాడ్స్‌వర్త్’ (1936). కోడ్ కఠినంగా అమలవుతున్న రోజుల్లో వచ్చింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన జంట యూరప్ వెళ్ళి అక్కడ మెల్లగా విడిపోతుంది, చివర్లో సర్దుకుపోవడానికి అన్ని అవకాశాలూ ఉండి కూడా భర్త (వాల్టర్ హ్యూస్టన్) ఓడ దిగేసి వేరొకామె దగ్గరికి వెళ్ళిపోతాడు. ప్రేక్షకులకు అది సరైన పనే అనిపిస్తుంది. అంత కాపలా మధ్య కూడా నిజాయితీగా ముగించవచ్చని వైలర్ చూపించాడు. కానీ ఒకటి గమనించండి, అక్కడ వదిలి వెళ్ళినవాడు మగవాడు, తప్పులన్నీ భార్య చేసినవి. ఇదే ముగింపు జెర్రీకి ఇస్తారా అని ఒక అమ్మాయి చర్చలో అడిగింది. ఇవ్వరనే నేననుకుంటున్నాను.

మీరు అడిగినదానికి ఇంకా దగ్గరగా ఉండేది డొరొతీ ఆర్జ్‌నర్ తీసిన ‘మెరిలీ వి గో టు హెల్’ (1932). ఆ కాలంలో హాలీవుడ్ స్టూడియోల్లో నిలదొక్కుకున్న ఒకే ఒక్క మహిళా దర్శకురాలు ఆమె. తాగుబోతు భర్త పాత ప్రియురాలి వెంట పడితే, భార్య (సిల్వియా సిడ్నీ) సరే, ఇది కొత్తకాలం పెళ్ళి అనుకుందాం, నీ దారి నీది, నా దారి నాది అంటుంది. అదీ కలయికతోనే ముగుస్తుంది, కానీ ఆ కలయికలో సంతోషం ఎంత, నష్టం ఎంత అన్నది ఆర్జ్‌నర్ మొహమాటం లేకుండా చూపించింది. ‘ది డివోర్సీ’ దాటేసిన ఆ పావుగంట ఇందులో కొంత దొరుకుతుంది. ముందు ఇది చూసి, తర్వాత ‘డాడ్స్‌వర్త్’ చూడండి. వరస తిప్పితే వైలర్ పనితనం ముందు ఆర్జ్‌నర్ సినిమా చిన్నదిగా కనిపించి అన్యాయమైపోతుంది.